రోడ్డు పక్క మొక్కకు ఎంత ఫీజు పెట్టాలి? మా మున్సిపాలిటీలో లెక్క తేల్చిన అనుభవం

రోడ్డు పక్కన మొక్క నాటి, అది నిలదొక్కుకునేదాకా చూసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలి, ఎవరి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు అన్న లెక్క తేల్చడానికి మా మున్సిపాలిటీ ఒక చిన్న కమిటీ వేసింది. అందులో నేనూ ఉన్నాను. మాది హైదరాబాద్‌కు దగ్గర్లోని ఊరు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో చెప్పబోయే గొడవలు కొన్ని మా దగ్గర ఇంకా చల్లారలేదు. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కాబట్టి, వార్డు కమిటీలో ఎలాగూ ఉన్నాను కాబట్టి నన్ను పిలిచారు. వేరే మున్సిపాలిటీల్లో ఇలాంటి రేటు పెట్టాలని చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు నేపథ్యం కొంచెం చెప్పాలి. తెలంగాణలో 2015 జూలైలో హరితహారం మొదలైంది, 24 శాతం ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి తీసుకెళ్లాలని. 2019 మున్సిపల్ చట్టం వచ్చాక ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కో కమిటీలో 15 మంది అన్నది కూడా ఆ చట్టంలోనిదే. దానికి తోడు హరిత నిధి పేరుతో రిజిస్ట్రేషన్‌కు 50 రూపాయలు, ప్రభుత్వ ఉద్యోగుల జీతంలోంచి నెలకు 25 రూపాయల చొప్పున తీసుకోవడం మొదలైంది. అంటే మొక్కలు నాటడానికి డబ్బు దారి ఒకటి ఉంది. మరి మళ్లీ ఫీజు ఎందుకు అంటే, నాటిన వాటిని, అంతకుముందు నుంచీ ఉన్న వాటిని తీసేసేవాళ్ల కోసం. షట్టర్ ముందు అడ్డమని ఒకరు, అపార్ట్‌మెంట్ గేటుకు దారి కావాలని ఇంకొకరు, హోర్డింగ్ కనిపించడం లేదని మరొకరు. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అటవీ శాఖ అనుమతి కావాలి, అది వేరే సంగతి. ఆ అనుమతి వచ్చాకైనా, పోయిన చెట్టు బదులు మున్సిపాలిటీ ఇంకోచోట మొక్క పెట్టి పెంచాలి కదా, ఆ ఖర్చుకు మా దగ్గర ఒక రేటంటూ లేదు. ఒక ఫంక్షన్ హాలు వాళ్లు ఐదు వేలు కట్టారు. అదే రోడ్డులో అంతకంటే పెద్ద చెట్టు తీయించిన ఇంకొకాయన ఐదు వందలతో సరిపెట్టుకున్నాడు. ఎవరి పలుకుబడి వారిది. దీన్ని ఆపాలని అప్పటి కమిషనర్ గారు పట్టుబట్టారు, కౌన్సిల్ ఒప్పుకుంది.

మొదటి మీటింగుకే ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లు ఒక ఎస్టిమేట్ తయారుచేసి తెచ్చారు. మొక్కకు 1,900 రూపాయలు. ఆరేడు అడుగుల మొక్క 250, గుంత తీయడానికి 120, ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి కలిపి 130, కర్ర, సుతిలి, నాటిన కూలి కలిపి 100, ఇనుప ట్రీ గార్డు 1,300. కింద చివరి లైన్లో "నిర్వహణ" అని ఉంది, దాని ఎదురుగా ఏమీ లేదు, ఖాళీ గడి. అదేమిటి సార్ అని అడిగితే, అది గ్రీన్ బడ్జెట్‌లోంచి ఎలాగూ చేస్తాం కదా మేడం అన్నారు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు. ఆయన మంచి మనిషి, పని తెలిసినవాడు, ఆయన తప్పని అనను, ఎస్టిమేట్లు అలాగే వేయడం అలవాటు. కానీ నాకు ఆ ఖాళీ గడి దగ్గరే అసలు విషయం ఉందనిపించింది. మొక్క చచ్చేది నాటిన రోజు కాదు. వచ్చే మార్చిలో, ఏప్రిల్‌లో, నీళ్లు లేక. నాటడం ఒక పూట పని, పెంచడం మూడేళ్ల పని. ఈ మూడేళ్లూ ఫీజులోకి రాకపోతే, చెట్టు తీసేసిన వ్యాపారి నాటే ఖర్చు మాత్రం కట్టి చేతులు దులుపుకుంటాడు, నీళ్ల ఖర్చు ఊరంతటి పన్నులోంచి పోతుంది. అది న్యాయం కాదని గట్టిగానే చెప్పాను.

సరే అయితే నిర్వహణకు ఎంతవుతుందో మీరే చెప్పండి అన్నారు. ఎవరి దగ్గరా లెక్క లేదు. ట్యాంకర్ డీజిల్ బిల్లు ఒక రిజిస్టర్‌లో, కూలీల జీతాలు ఇంకో రిజిస్టర్‌లో, మొక్కకింత అని ఎప్పుడూ విడదీయలేదు. అందుకని ట్యాంకర్‌తో పాటే వెళ్లాను. పొద్దున ఆరింటికల్లా బోరు దగ్గర 5,000 లీటర్ల ట్యాంకర్ నింపుతారు, డ్రైవర్, పైపు పట్టుకోవడానికి ఇద్దరు. పైపు పట్టుకున్నామె మా వీధి చివర ఉంటుంది, నన్ను చూసి "టీచరమ్మా, ఎండకు తట్టుకుంటవా" అంది. మొక్కకు ఇరవై లీటర్లు అనుకుంటే కాగితం మీద 250 మొక్కలకు రావాలి. రావు. పైపు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు తీసేటప్పుడు కారేది కారుతుంది. పాదు సరిగ్గా లేని చోట నీళ్లు రోడ్డు మీదికే పోతాయి. ఒక మొక్క దగ్గర ఆమె పైపు పక్కన పెట్టి, చేత్తో మట్టి లాగి చుట్టూ గట్టు కట్టింది, చిప్స్ ప్యాకెట్లు, పగిలిన సీసా ముక్క తీసి గోతంలో వేసింది, అప్పుడు నీళ్లు పెట్టింది. పొంగు తగ్గేదాకా ఆగి మళ్లీ పెట్టింది. నీళ్లు లోపలికి ఇంకకుండా పైపైన తడిపి పోతే లాభం లేదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా చేస్తే ట్యాంకర్‌కు 200 మొక్కలే వస్తాయి. మేస్త్రీ మాత్రం తొందరగా కానివ్వండి అంటూనే ఉన్నాడు, ఎందుకంటే ఆయనకు రోజుకు ఇన్ని ట్రిప్పులు అని పైనుంచి లెక్క ఉంది, ఎన్ని మొక్కలకు నీళ్లు అందాయన్నది ఎవరూ అడగరు. నా దృష్టిలో మా ఊళ్లో మొక్కలు ఎండిపోవడానికి ఇదే పెద్ద కారణం.

ట్యాంకర్ కిరాయి, డీజిల్, ముగ్గురి కూలి కలిపితే మొక్కకు ఒక తడి సుమారు ఏడు రూపాయలు పడుతోంది. మొదటి ఏడాది, వానలు ఆగిన నవంబర్ నుంచి జూన్ దాకా ఎనిమిది నెలలు, నెలకు పది తడులు అనుకుంటే 80 తడులు. రెండో ఏడాది 50, మూడో ఏడాది 30 చాలు, వేళ్లు లోపలికి దిగుతాయి కాబట్టి. మొత్తం 160 తడులు, అంటే 1,120 రూపాయలు. కలుపు తీయడం, పాదు సవరించడం, ఒరిగిపోయిన కర్ర మార్చడం ఏడాదికి 100 చొప్పున 300. మూడో ఏట కింది కొమ్మలు తీసి కాండం ఒకటే నిలిచేలా చేయడానికి 150. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. చిన్నప్పుడు ఆ కాస్త పని చేయకపోతే చెట్టు అడుగు నుంచే రెండుగా చీలి పెరుగుతుంది. పదేళ్లకు మే నెల గాలిదుమారంలో ఆ చీలిక దగ్గరే విరిగి కారు మీదో మనిషి మీదో పడుతుంది. అప్పుడు చెట్లే వద్దంటారు జనం.

ఇక చచ్చిపోయే మొక్కల సంగతి. చట్టం 85 శాతం బతకాలంటోంది, అంటే నూటికి 15 మళ్లీ నాటాలి. ఆ ఖర్చు గార్డు కాకుండా నాటడానికయ్యే 600 మీద, నీళ్ల 1,120 మీద 15 శాతం, అంటే 260 దాకా. గార్డు విషయంలో మాత్రం మా కమిటీలో ఉన్న వెల్డింగ్ షాపు ఆయన మంచి మాట చెప్పాడు, మూడేళ్లకు గార్డు తీసేస్తాం కదా, తీయకపోతే కాండాన్నే కోసేస్తుంది, తీసి రంగేసి ఇంకో మొక్కకు వాడొచ్చు, కాబట్టి సగమే వేయండి అని. 1,300 కాస్తా 650 అయింది. అన్నీ కలిపితే 3,080, పర్యవేక్షణకు పది శాతం, మొత్తం 3,400 రూపాయలకు తేలింది. గార్డు ధర తగ్గించినా సరే మొదటి ఎస్టిమేట్‌కు, దీనికి దగ్గర దగ్గర రెట్టింపు తేడా. ఆ తేడా అంతా ఆ ఖాళీ గడిలోదే.

కమిటీలో ఇద్దరు ముగ్గురు, ఇంత ఎందుకు, మన ఊరికి ఎక్కువ కాదా అన్నారు. ఇతర ఊళ్లలో ఎలా ఉందో చూడాలనిపించింది. ఢిల్లీలో 1994 చట్టం కింద చెట్టు కొట్టాలంటే ఒక్కో చెట్టుకు 57,000 రూపాయలు డిపాజిట్, కొట్టిన చెట్టుకు పది మొక్కలు. మహారాష్ట్రలో 1975 చట్టం ఉంది, పుణె, ముంబైల్లో ఆస్తిపన్నుతో పాటే వృక్ష సెస్సు కడతారు. సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో ఇంకా పెద్ద మాట చెప్పింది, చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయల చొప్పున దాని వయసుతో లెక్కకట్టాలని. ఆ రిపోర్టు సంగతి నేను మీటింగులో చెప్పినప్పుడు అందరూ ఒక్కసారి తల ఎత్తి చూశారు. నలభై ఏళ్ల చింతచెట్టుకు ఆ లెక్కన ఎంతవుతుందో ఒకాయన అక్కడే ఫోన్‌లో గుణించాడు, 29 లక్షల 80 వేలు.

కానీ మా లీగల్ అడ్వైజర్ గారు అక్కడ బ్రేకు వేశారు, ఆయన వేసింది సబబే. ఫీజు వేరు, పన్ను వేరు, జరిమానా వేరు అన్నారు. 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదేనట, ఫీజు అంటే చేసే సేవకు తగ్గ ఖర్చు రాబట్టుకోవడం, దాని మీద ఖజానా నింపుకోకూడదు. చెట్టు ఇచ్చే గాలికీ నీడకూ ధర కట్టి దాన్ని ఫీజు అంటే కోర్టులో ఒక్కరోజు నిలబడదు, కాబట్టి మీరు నాటి పెంచే ఖర్చు ఎంతో అంతే రాయండి, ప్రతి రూపాయికీ కాగితం చూపించగలగాలి అన్నారు. నాకు మొదట బాధ వేసింది, ఇంత పెద్ద చెట్టు విలువ ఇంతేనా అని. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిన దారే మాకు బలం. ట్యాంకర్ దగ్గర రాసుకున్న లెక్క ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు. దానికి తోడు, ఒక చెట్టు పోతే ఒక మొక్క కాదు, కాండం చుట్టుకొలతను బట్టి ఇన్ని మొక్కలు అని పెట్టొచ్చు, ఎందుకంటే పెద్ద చెట్టు ఇచ్చిన నీడను ఒక్క మొక్క ఎప్పటికి ఇవ్వాలి. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 60 సెంటీమీటర్ల లోపుంటే మూడు మొక్కలు, 120 దాకా ఆరు, దాటితే పది. అంటే పెద్ద చెట్టు తీయించాలంటే 34,000 రూపాయలు. ఆ రేటు పెడితే, చెట్టు తీయకుండా గేటు నాలుగడుగులు జరుపుకుందామా అని ఆలోచించేవాళ్లు ఉంటారు. నాకు కావలసింది ఆ ఆలోచనే.

అసలు గొడవ ఎంత అన్న దగ్గర రాలేదు, ఎవరు కట్టాలి అన్న దగ్గర వచ్చింది. ఒక ప్రతిపాదన ఏమిటంటే, ఇంటి ముందు మొక్క ఉన్న ప్రతి ఇంటి దగ్గరా ఏడాదికి నిర్వహణ ఫీజు 300 తీసుకుందాం, ఊరంతా కలిస్తే మంచి మొత్తం వస్తుంది అని. దీన్ని నేను మొదటి నుంచీ చివరిదాకా వ్యతిరేకించాను. చెట్టుకు డబ్బు కట్టించుకుంటే ఆ ఇంటివాళ్లు చెట్టును భారంగా చూస్తారు. ఇప్పటికే చూస్తున్నాం, ఆకులు రాలుతున్నాయని, పక్షుల రెట్టలు బండి మీద పడుతున్నాయని, రాత్రిపూట చెట్టు మొదట్లో వేడినీళ్లు పోసేవాళ్లు, కాండానికి చుట్టూ బెరడు చెక్కేసేవాళ్లు, డ్రిల్లుతో బెజ్జం వేసి యాసిడ్ పోసేవాళ్లు ఉన్నారు. మెయిన్ రోడ్డులో ఒక రావిచెట్టుకు నేను స్వయంగా చూశాను, మోకాలి ఎత్తులో వేలు పట్టేంత బెజ్జం, చుట్టూ నల్లగా మాడిన బెరడు, పైన ఒకవైపు కొమ్మల్లో ఆకు లేదు. దాని మీద ఫీజు కూడా వేస్తే ఇంక చెప్పాలా.

మా చెల్లెలి కొడుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. ఫోన్‌లో ఈ విషయం చెబితే "పెద్దమ్మా, మా దగ్గర ఇదే జరిగింది" అని వాళ్ల ఊరి సంగతి చెప్పాడు. అక్కడ బడ్జెట్ లేదని నగరం వాళ్లు వీధి చెట్ల బాధ్యతను ఇళ్ల యజమానుల మీదికి తోసేస్తూ వచ్చారు, కొమ్మ విరిగినా పేవ్‌మెంట్ పగిలినా మీరే చూసుకోండని. చూసుకోగలిగినవాళ్లు చూసుకున్నారు, లేనివాళ్లు వదిలేశారు, చెట్లు పాడయ్యాయి, జనం కోపమూ పెరిగింది. చివరికి 2016 నవంబర్‌లో ప్రజలే ఓటేసి, లక్షా ఇరవై వేలకు పైగా ఉన్న వీధి చెట్ల నిర్వహణను నగరానికి అప్పగించారు, ఏటా కోటీ తొంభై లక్షల డాలర్లు దానికే పక్కన పెట్టాలని. నూటికి 78 మంది ఒప్పుకున్నారట, 2017 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పాడు, అక్కడ చెట్టు పెట్టాల్సిన చోట పెట్టకపోతే బిల్డర్ దానికి బదులుగా ఫీజు కట్టాలి, ఆ ఫీజు మొక్క నాటి మూడేళ్లు నీళ్లు పోసే ఖర్చుకు సమానంగా ఉండాలని వాళ్ల కోడ్‌లోనే ఉందని. మూడేళ్ల నీళ్లు! నేను మా మీటింగులో వాదిస్తున్నది సరిగ్గా అదే. ఆ పేజీ ప్రింటు తీయించి తర్వాతి మీటింగుకు తీసుకెళ్లాను. ఎక్కడి అమెరికా, ఎక్కడి మన ఊరు అన్నారు ఒకరు. నీళ్లు లేకపోతే మొక్క ఎక్కడైనా చస్తుంది కదా అన్నాను.

వ్యాపారులను, బిల్డర్లను కూడా ఒకరోజు పిలిచి వాళ్ల మాట విన్నాం, అది మంచి పని అయింది. కొంతమంది అడిగినవాటిలో న్యాయం ఉంది. "మా ముందున్న చెట్టు మేము తీయలేదు, కరెంటోళ్లు వైర్ల కోసం సగానికి నరికితే అదే ఎండిపోయింది, దానికి మేమెందుకు కట్టాలి" అన్నాడు ఒక కిరాణా షాపాయన. నిజమే, కట్టకూడదు. అలాంటిది ఫోటోతో రాసిస్తే ఫీజు ఉండదని నిబంధనల్లో చేర్చాం. వైర్ల కింద నిద్రగన్నేరు, బాదం లాంటివి నాటడం మానేసి పారిజాతం, దేవకాంచనం, గన్నేరు లాంటి చిన్నవి పెట్టాలని కూడా. ఒక బిల్డరు, ఫీజెందుకు, మేమే నాటి మేమే పెంచుతాం, కోనోకార్పస్ పెడితే ఆర్నెల్లలో గోడలా లేస్తుంది, నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదు అన్నాడు. అది వద్దని 2022లోనే తెలంగాణలో ఆదేశాలు వచ్చాయి. విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాత వరసలు వరసలుగా నాటిన ఏడాకుల చెట్ల పూత వాసనకు జనం పడే ఇబ్బంది కూడా వాళ్లకు చెప్పాను, త్వరగా పెరుగుతుందని ఒకే రకం ఊరంతా నాటితే ఏమవుతుందో తెలియాలని. వేపకు కొన్నేళ్లుగా కొమ్మలెండు తెగులు వస్తున్నది అందరూ చూస్తున్నదే. అందుకని కానుగ, పొగడ, మద్ది, వేప, రావి ఇలా కలిపి నాటాలి, ఒక రోడ్డంతా ఒకటే పెట్టకూడదు అని రాసుకున్నాం. తామే పెంచుతామన్నవాళ్ల మాట మాత్రం కొట్టిపారేయలేదు. అదే 3,400 డిపాజిట్‌గా కట్టి, మేము ఇచ్చిన జాబితాలోని మొక్క నాటుకోవచ్చు, మూడేళ్ల తర్వాత చెట్టు బతికి ఉంటే మొత్తం తిరిగి ఇచ్చేస్తాం, లేకపోతే ఆ డబ్బుతో మేము నాటుతాం.

కౌన్సిల్ మీటింగు రోజు చాలా టెన్షన్ పడ్డాను. అజెండాలో మాది చివర్లో ఉంది, అప్పటికే రోడ్ల బిల్లుల మీద అరుపులు అయిపోయాయి, సగం మంది లేవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక కౌన్సిలర్, ఈ ఫీజు పెడితే ఊళ్లో కట్టేవాళ్లు కూడా కట్టరు, వ్యాపారం దెబ్బతింటుంది అని లేచాడు. అప్పుడు బస్తీ వార్డు నుంచి గెలిచిన ఆమె లేచి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, "మా గల్లీలో ఒక్క చెట్టు లేదు. ఎండాకాలం రేకుల ఇండ్లల్ల పిల్లలు పడుకోలేకపోతున్నరు. మెయిన్ రోడ్డు మీద చెట్టు కొట్టినోళ్ల పైసలతోటి మా గల్లీల మొక్క పెడతమంటే మీకెందుకు అడ్డం" అని అడిగింది. ఆ మాటతో చర్చ మలుపు తిరిగింది. మొక్కలు ఎక్కడ నాటాలో మేము రాయలేదు, కొట్టిన రోడ్డులోనే అని అనుకున్నాం. ఆమె మాట తర్వాత చైర్‌పర్సన్ గారు, వచ్చిన డబ్బులో సగం చెట్లు తక్కువున్న వార్డులకే వాడాలి అని అప్పటికప్పుడు తీర్మానంలో చేర్పించారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ సంతోషం కలిగించింది ఆ వాక్యమే.

మొత్తానికి తీర్మానం ఇలా కుదిరింది. ఇళ్లవాళ్ల దగ్గర నాటడానికి, నిర్వహణకు ఏమీ తీసుకోరు, అది గ్రీన్ బడ్జెట్‌లోంచే. అనుమతితో చెట్టు తీయించే షాపులు, బిల్డర్లు, ఫంక్షన్ హాళ్లు, పెట్రోల్ బంకులు చుట్టుకొలత లెక్కన కట్టాలి. అనుమతి లేకుండా కొడితే చట్టం ప్రకారం కేసు, జరిమానా వేరేగా ఉంటాయి, ఫీజు కట్టాం కదా అని తప్పించుకోవడానికి లేదు. ఈ డబ్బు జనరల్ ఫండ్‌లో కలవకుండా వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి, ఎన్ని మొక్కలకు ఎంత ఖర్చయిందో ఆఫీసు బోర్డు మీద రాయాలి. ఏటా ఏప్రిల్‌లో కూలి, డీజిల్ ధరలు చూసి రేటు సవరించాలి. ఖాతా విషయంలో నేను మొండిగా ఉన్నాను, ఎవరేమనుకున్నా సరే అని. ఒకసారి జనరల్ ఫండ్‌లో పడితే ఆ డబ్బు వీధి దీపాలకో జీతాలకో పోతుంది, మొక్క మళ్లీ ఎండుతుంది. లీగల్ అడ్వైజర్ గారు కూడా, వేరే ఖాతా లేకపోతే ఇది ఫీజు అని రేపు నిరూపించుకోలేరు అని నాకు వత్తాసు పలికారు. ఫైలు కలెక్టరేట్‌కు వెళ్లి వచ్చేసరికి చాలా కాలం పట్టింది, అది వదిలేస్తున్నాను.

అమలు మొదలయ్యాక చూసింది చెబుతాను. మొదట్లో కట్టినవాళ్లలో ఒక బిల్డరు, రెండు పెద్ద చెట్లకు 68,000 అని తెలిసి, ప్లాను మార్చి ఒక చెట్టును సెట్‌బ్యాక్‌లోనే (కట్టడం ముందు వదిలే ఖాళీ జాగాలోనే) ఉంచేశాడు. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ ముందు వాచ్‌మన్ కుర్చీ ఆ కానుగ కిందే ఉంటుంది. డిపాజిట్ పద్ధతి కూడా పనిచేస్తోంది, డబ్బు తిరిగొస్తుందంటే మొక్క దగ్గర శ్రద్ధ వేరేగా ఉంటుంది. ట్యాంకర్ లెక్క కూడా మారింది, ట్రిప్పులు కాదు, తడిపిన మొక్కల సంఖ్య రాయాలని ఫారం మార్పించాం, మేస్త్రీ దాన్ని రోజూ నింపుతున్నాడు. బోర్డు మీద ఖర్చులు రాయడం మాత్రం నెలలు నెలలు ఆగిపోతోంది, అడిగితే రాస్తారు, అడగకపోతే లేదు. అందుకని అడుగుతూనే ఉన్నాం. ఫుట్‌పాత్ టైల్స్ కాండం దాకా వేసి వేళ్లకు ఊపిరి లేకుండా చేయడం కూడా ఆగలేదు. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని హరిత ట్రిబ్యునల్ 2013లో చెప్పింది, మా కొత్త టెండర్లలో ఆ నిబంధన పెట్టిస్తామని మాట ఇచ్చారు, ఒక రోడ్డులో చేశారు కూడా.

ఇప్పుడు నేను పట్టుకున్నది తవ్వకాల సంగతి. కేబుళ్లకు, పైపులకు రోడ్డు పక్కన కందకం తవ్వేటప్పుడు జేసీబీ వేళ్లను తెంపుకుంటూ పోతుంది. రోడ్డు తవ్వినందుకు చార్జీ కట్టించుకుంటారు, అందులో చెట్టు వేళ్ల మాటే ఉండదు. పైకి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, తర్వాతి గాలివానకు పడిపోతుంది, అప్పుడు తవ్వినవాడు ఎక్కడుంటాడో. కాండానికి రెండు మీటర్ల లోపు తవ్వితే చెట్టుకు ఇంత అని డిపాజిట్ తీసుకుని రెండు వానాకాలాలు ఆపి ఉంచాలని, చెట్టు నిలబడితే తిరిగిచ్చేయాలని రాసి, ఫోటోలు జతచేసి ఇచ్చాను. వచ్చే ఏప్రిల్ రేట్ల సవరణలో పెడతామన్నారు. ఈలోగా బస్టాండు రోడ్డులో మూడు కానుగలకు ఒకవైపు వేళ్లు పూర్తిగా తెగి ఉన్నాయి, గాలులు మొదలవకముందే రెండోవైపు కొమ్మల బరువు తగ్గించమని ఏఈ గారికి చెప్పాను, సోమవారం మనుషులను పంపిస్తానన్నారు.